టమాటా డబ్బాల కింద చద్దర్ ముక్క

మా ఇంట్లో ఏ వస్తువు ఎత్తి చూసినా దాని కింద ఒక చద్దర్ ముక్క, అదే దుప్పటి పేలిక, ఉంటుంది. గ్యాస్ పొయ్యి కింద రెండు మడతలు, టీవీ కింద నాలుగు మడతలు, మంచినీళ్ల బిందె కింద చుట్టలా చుట్టిన పేలిక. గోడ గడియారం వెనక కూడా అరచేతంత ముక్క అంటించి ఉంటుంది. ఇది మా ఒక్క ఇంటి చాదస్తం కాదు. సోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లుండే నీలం నగర్‌లో మా గల్లీ అంతా ఇంతే.

మా పడమటి గోడకు అవతల పవర్‌లూమ్ షెడ్డు ఉంది. అందులో ఎనిమిది మగ్గాలు రెండు షిఫ్టులు ఆడతాయి. అవి ఆడుతున్నంతసేపూ గోడ, గోడను పట్టుకున్న అరలు, అరల మీది గిన్నెలు సన్నగా వణుకుతూనే ఉంటాయి. కింద మెత్తగా ఏదో ఒకటి వేయకపోతే చెంచాలు వాటంతట అవే నడుచుకుంటూ వెళ్లి అర చివరి నుంచి దూకుతాయి. చద్దర్లు నేసే పేట కాబట్టి కత్తిరింపు ముక్కలకు కరువు లేదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు మావాళ్లు మొదట నేర్పేది వంట కాదు. దేని కింద ఎన్ని మడతలు వేయాలో నేర్పుతారు.

ఆ అలవాటే మా ఇంట్లో టమాటాలు కాయకుండా నెలా పదిహేను రోజులు ఆపింది. ఆ సంగతి చెప్పాలంటే నా ఉద్యోగం దగ్గర మొదలుపెట్టాలి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక మరాఠీ దినపత్రికలో పనిచేశాను. చివరి పదేళ్లు వ్యవసాయం పేజీ నా చేతికిచ్చారు. నేత ఇంట్లో పుట్టినవాడికి వ్యవసాయం పేజీ ఎందుకంటే, పాత ఆయన రిటైరైన రోజున ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడి కనిపించినవాణ్ణి నేనే. రైతులు రాసే ఉత్తరాలకు జవాబులివ్వడం నా పని. కరపత్రాల్లోంచి కొంత, ఫోన్లో ఎవరో అధికారి చెప్పింది కొంత కలిపి రాసేవాణ్ణి. టమాటా పూత రాలిపోతోందని ఒక రైతు అడిగితే, నీళ్లు ఎక్కువైనా రాలుతుంది, తక్కువైనా రాలుతుంది, ఎండ ఎక్కువైనా తక్కువైనా రాలుతుంది కాబట్టి అన్నీ తగినంతగా చూసుకోవాలని రాశాను. ఆయన మళ్లీ రాయలేదు. సమస్య తీరిపోయిందనుకుని సంతోషించాను.

రిటైరయ్యాక ఆ విద్యనంతా గల్లీలోకి వచ్చే కూరగాయల బండి మీద చూపించడం మొదలుపెట్టాను. ఒక్కో టమాటా చేతిలోకి తీసుకుని, ఇది తొందరపడి కోసింది, దీనికి నీళ్లు ఎక్కువయ్యాయి అని వివరించేవాణ్ణి. బండివాడు నన్ను చూడగానే గల్లీ అవతలి మలుపు నుంచే వెనక్కి తిరిగేవాడు. రెండు రోజులు కూర లేక పచ్చడితో అన్నం తిన్నాక నా భార్య ఊరుకోలేదు.

"ముప్పై ఏండ్లు రైతులకు అకల్ చెప్పినవు గదయ్యా. నువ్వు ఒక్క టమాట కాయించి చూపియ్. ఒక్కటంటె ఒక్కటి. గా బండోనితోని మాట్లాడుడు బంద్ చేసి గీ పని చెయ్యి."

అలా మూడు నూనె డబ్బాలకు పైమూతలు కోయించి, అడుగున చిల్లులు కొట్టించి, మట్టీ ఎరువూ నింపి ఎండాకాలం చివర్లో మొలకలు నాటాను. పెట్టడానికి చోటే లేదు. మా ఇంటికి పెరడు లేదు. పైన రేకులు. వాటి మీద ఎండాకాలంలో అప్పడం పెట్టినా కాలుతుంది. గల్లీలో పెడదామంటే మేకలున్నాయి. మా గల్లీ మేకలు ఎన్నికల పోస్టర్లు కూడా వదలవు. మిగిలింది ఇంట్లో కిటికీ. ఇంటి మొత్తానికి అదొక్కటే కిటికీ. దాని ముందు నల్లటి ఫర్షీ బండ ఒకటి ఉంది. దాని ఒక కొస షెడ్డు గోడలోకి దిగి ఉంటుంది.

చిక్కేమిటంటే, ఆ బండ నా భార్యది. ఆమె బీడీలు చుడుతుంది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ బండ మీదే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తునికాకు ఈనె ఎటు పోతోందో, ఎక్కడ చిల్లుందో ఆ వెలుతురులోనే కనిపిస్తుంది. కిటికీకి అవతల, గల్లీ మెట్టు మీద, పక్కింటి పెద్దమ్మ తన చాటతో కూర్చుంటుంది. చువ్వల మధ్య నుంచి ఇద్దరి ముచ్చట్లూ పొద్దున మొదలైతే కార్ఖానాకు బీడీలు పట్టుకెళ్లే వేళ దాకా సాగుతాయి.

కిటికీ అడగడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆమె నా ముఖం చూసింది, డబ్బాలు చూసింది.

"సరే. రాఖీ పున్నమి దాకా కిటికి నీది. ఆనాడు మా అన్న రాఖీ కట్టించుకొని ఈడనే పప్పన్నం తింటడు. ఆ పప్పుల నీ టమాట పడాలె."

"పడకపోతే?"

"డబ్బాలు తీస్కపోయి గల్లీల పెడ్త. మేకలకు పండుగ."

"పడితే?"

"పడితె కిటికి నీకే రాసిస్త. ట్యూబ్‌లైట్ కింద కూసోని సస్త. సరేనా?"

సరే అన్నాను. ఆమె చాట తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. వారం తిరగకుండానే, ఎన్నడూ లేనిది, కార్ఖానాలో బీడీలు చూసే మనిషి ఆమెవి ఒక గుప్పెడు పక్కకు తోసేశాడు. ట్యూబ్‌లైట్ కింద ఆకు చిల్లులు కనిపించలేదట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆమే చెప్పింది. తర్వాత డబ్బాల వైపు తిరిగి, "కాయండి బిడ్డా, జల్ది కాయండి, లేకుంటె మేకలున్నయ్," అంది.

డబ్బాలు బండ మీద పెట్టేటప్పుడు నేను ఆలోచించకుండా చేసిన పని ఒకటుంది. ఒక్కో డబ్బా కింద నాలుగు మడతల చద్దర్ ముక్క వేశాను. మా గల్లీలో ఎవరైనా అదే చేస్తారు. వేయకపోతే విడ్డూరంగా చూస్తారు. కిటికీకి దోమల జాలీ ముందే ఉంది. షెడ్డు నుంచి ఎగిరివచ్చే నూగు జాలీ నిండా పట్టి ఉంటుంది. దాన్ని దాటి దోమ కాదు కదా, గాలి కూడా అనుమతి అడిగి రావాలి.

మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి. నడుమెత్తు దాటి, చువ్వలు పట్టుకుని, కిటికీ అంతా ఆకులు కప్పేశాయి. పెద్దమ్మకు తోడు పోయింది. అయినా ఆమె తన మెట్టు వదల్లేదు. జాలీకి ముఖం ఆనించి రోజూ అడిగేది.

"కాసిందా బిడ్డా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"మీ ఇంటామె ముఖం చూసి నెలయితుంది. ఆకుకు ఎన్ని సుద్దులు చెప్పినా ఊఁ అంటలేదు."

పూత వచ్చింది. పసుపుపచ్చ పూలు, గుత్తులు గుత్తులుగా. నేను గర్వంగా లెక్కపెట్టాను. మూడు రోజులకు మొదటి పువ్వు కాడతో సహా రాలింది. తర్వాత రెండోది. వారంలో బండ మీద పూలు పరిచినట్టయింది. నా భార్య పొద్దున్నే చీపురుతో వాటిని చాటలోకి ఎత్తి, "ఇయ్యాల్టి పంట," అని నా ముందు పెట్టి వెళ్లేది.

నాకు నా పాత జవాబు గుర్తొచ్చింది. నీళ్లు తగ్గించాను. రాలాయి. పెంచాను. రాలాయి. పగలంతా జాలీ తుడిచి ఎండ పెంచాను. రాలాయి. తువ్వాలు అడ్డం కట్టి ఎండ తగ్గించాను. తువ్వాలు వృథా. ఆ రైతు మళ్లీ ఎందుకు ఉత్తరం రాయలేదో అప్పుడు అర్థమైంది.

పువ్వు మీద కుంచెతో రాస్తే కాయ కడుతుందని ఎక్కడో చదివాను. ఇంట్లో ఉన్న కుంచె ఒక్కటే. మా నాన్నది. చేతిమగ్గం రోజుల్లో సాగదీసిన పడుగు దారాలకు గంజి పట్టించడానికి వాడినది. మూరెడు పొడవు, పట్టుకోవడానికి రెండు చేతులు కావాలి. అటక మీద దేవుడి సామాన్లతో పాటు ఉండేది. దాన్ని దించి, దులిపి, భక్తిగా ఒక గుత్తి మీద ఒక్కసారి అలా అన్నాను. గుత్తిలో అయిదు పూలుంటే నాలుగు కింద పడ్డాయి. అయిదోది కుంచెతో పాటు వచ్చింది.

మా బావను పిలిచాను. బావ అంటే నా భార్య అన్న. పక్క షెడ్డులోనే జాబర్. మగ్గం మొరాయిస్తే బాగుచేసేవాణ్ణి ఇక్కడ జాబర్ అంటారు. ఆయన జేబులో పానా లేకుండా పెళ్లికి కూడా వెళ్లడు. మొక్క చుట్టూ ఒకసారి తిరిగి, నేను కాండానికి కట్టిన దారం వేలితో మీటి చూశాడు.

"ఏ బావ, గింత గుంజి కట్టినవేంది? పడుగు గిట్ల గుంజితె దారం తెగుతది. జర ఢీల్ ఇయ్యి."

వదులు చేశాను. పూలు రాలుతూనే ఉన్నాయి. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఆలోచనకు నేనే దండం పెట్టాలి. మొక్కలకు ప్రశాంతత కావాలి, ఈ గోడ వణుకుడుకే అవి జడుసుకుంటున్నాయి అని తేల్చాను. గోడకు ఆనుకుని ఉన్నది మూడో నంబరు మగ్గం. దాన్ని కొన్నాళ్లు మెల్లగా నడపడానికి వీలవుతుందా అని బావను అడిగాను.

బావ పానా జేబులో పెట్టుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"శేట్‌కు ఏమని చెప్పాలె బావ? మా బావ ఇంట్ల టమాటలు పండుకున్నయి, మగ్గం సప్పుడు చేయకని చెప్పనా?"

లోపలి గదిలోంచి నా భార్య నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత విన్నాను. ఆ కోపంలో నేను నాలుగు మడతల చద్దర్‌ను ఎనిమిది మడతలు చేశాను. డబ్బాలు రాజుల్లా కూర్చున్నాయి. ఆకు కూడా కదల్లేదు. పూలు నిశ్శబ్దంగా రాలాయి.

ఇంతలో తొలి ఏకాదశి వచ్చి వెళ్లింది. ముసురు పట్టింది. లోపలి గదిలో నేల చల్లబడిపోయింది. ఒక పొద్దున నేను పాల ప్యాకెట్ తీసుకుని వచ్చేసరికి మా కిటికీ గలగలమంటోంది. రెండు డబ్బాలు బండ మీద ఊగుతున్నాయి. ఆకులు, కొమ్మలు, పూలు అన్నీ సన్నగా వణుకుతున్నాయి. నా భార్య ట్యూబ్‌లైట్ కింద హాయిగా కూర్చుని ఉంది. ఆమె కింద నా చద్దర్ ముక్కలు, ఎనిమిదీ ఎనిమిదీ పదహారు మడతలు.

"అవి డబ్బాల కిందివి!" అన్నాను.

"అవును. మూడోది బురద పట్టింది, అందుకే తీయలె."

"మొక్కలు వణుకుతున్నాయి!"

"వణకనియ్. వారం సంది నేను వణుకుతున్న. నన్ను అడిగినవా?"

వ్యవసాయం పేజీలో అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె కిందినుంచి ముక్కలు లాగే ధైర్యమూ లేదు. బావను రెండు ముక్కలు తెమ్మన్నాను. "రేపు తెస్త," అన్నాడు. ఆయన రేపు అంటే ఎప్పుడో ఆయన మగ్గాలకు తెలుసు, నాకు తెలియదు. పది రోజులు గడిచాయి. నేను బింకంగా డబ్బాల వైపు చూడటం మానేశాను. నీళ్లు పోసి ముఖం తిప్పుకునేవాణ్ణి.

మొదట చూసింది పెద్దమ్మ. జాలీకి ముక్కు ఆనించి పెద్దగా అరిచింది.

"ఓ బిడ్డా! పోరగాండ్లు ఈడ గోలీ పెట్టిండ్రు సూడు! పచ్చగోలీ!"

గోలీ కాదు. కాయ. గోటి సైజులో, నిగనిగలాడుతూ, తలమీద ఎండిన పువ్వు టోపీతో. ఆకులు పక్కకు తీసి వెతికాను. మొదటి డబ్బాలో నాలుగు, రెండో డబ్బాలో మూడు. చద్దర్ మీద దర్జాగా కూర్చున్న మూడో డబ్బాలో ఒక్కటీ లేదు.

పత్రికలో పనిచేసినవాడికి కారణం వెంటనే రాసేయాలని చేతులు దురద పెడతాయి. ముసురు వల్ల వేడి తగ్గిందన్నాను. ఎరువు ఇప్పుడు పట్టిందన్నాను. మూడో మొక్కది బలహీనమైన వంశమన్నాను. నా భార్య అన్నీ విని, ఒక బీడీ మూతి మడిచి, చెప్పింది.

"వణికినయ్, కాసినయ్. వణకనిది కాయలె. గింతే."

నేను ఒప్పుకోలేదు. కానీ ఆమె పక్క గదిలోకి వెళ్లాక మూడో డబ్బా కింది చద్దర్ మెల్లగా లాగేశాను. వారం దాటేసరికి దానిలోనూ రెండు గోలీలు వచ్చాయి. అప్పుడు వెళ్లి నా పాత కరపత్రాల కట్ట విప్పాను. మూడో దాంట్లోనే ఉంది. టమాటా పువ్వులో పుప్పొడి ఒక చిన్న గొట్టంలాంటి దానిలో దాగి ఉంటుంది. పువ్వు అదిరితేనే అది రాలి కాయ కడుతుంది. పొలంలో ఆ పని గాలి, తుమ్మెదలు చేస్తాయి. ఇంట్లో పెంచితే మనిషే కదిలించాలి. ఆ పేరాను పదేళ్ల కింద నేనే ఎర్ర పెన్నుతో కొట్టేశాను. పక్కన "అనవసరం" అని రాసి ఉంది. నా దస్తూరీయే.

మా గాలిని జాలీ ఆపింది, తుమ్మెదలనూ అదే ఆపింది. మిగిలిన ఒక్క దిక్కు మూడో నంబరు మగ్గం. దాన్ని నేను ఎనిమిది మడతలు వేసి మరీ ఆపాను.

కాయలు బరువెక్కి మొదటి గుత్తి కిందికి వంగింది. ఒక పొద్దున చూస్తే దాన్ని ఎవరో ఎత్తి, కిటికీ చువ్వకు ఎర్రదారంతో జాగ్రత్తగా కట్టారు. కాడ కోసుకుపోకుండా, తగినంత వదులుగా. నేను కట్టలేదు.

"ఇది నువ్వు కట్టావా?" అని నా భార్యను అడిగాను.

"నాకేం పని? నీ టమాట కాస్తె పోయేది నా కిటికి. పెద్దమ్మ కట్టిందేమొ, అడుగు."

కిటికీ అవతలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "నా కార్ఖాన దారం పచ్చది బిడ్డా. ఎర్రదారం మీ ఇంట్లదే."

నా భార్య వినిపించనట్టు కత్తెరతో ఆకు కోసుకుంటూ కూర్చుంది. అక్కడే ఉన్న చాటలో బీడీలు కట్టే ఎర్రదారం ఉండ ఉంది.

రాఖీ పున్నమి నాటికి పెద్ద కాయ నిమ్మకాయంత అయింది. రంగు మాత్రం పచ్చే. దానికి నేను నానారకాలుగా చెప్పి చూశాను, ఎర్రబడలేదు. పండుగ కాబట్టి షెడ్డు బంద్. గల్లీలో నిశ్శబ్దం. ఆ పున్నమికి జరిగే మా నేతవాళ్ల దేవుడి ఊరేగింపు చూడటానికి అందరూ వెళ్తున్నారు. బావ కొత్త చొక్కా వేసుకుని, జేబులో పానాతో వచ్చాడు. నేను పచ్చి కాయ కోసి నా భార్య చేతిలో పెట్టాను. పచ్చి టమాటాతో మావాళ్లు తొక్కు చేయరా, పప్పులో వేయరా అని వాదించాను. ఆమె దాన్ని తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

రాఖీ కట్టడం అయింది. పప్పు వడ్డించింది. బావ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి నేను నా కంచం వదిలేసి ఆయన నోటి వైపే చూస్తున్నాను. ఆయన మగ్గం సప్పుడు విన్నట్టు తల పక్కకు వంచి చాలాసేపు నమిలాడు.

"పులుపున్నది," అన్నాడు చివరికి.

"చూశావా!" అన్నాను.

"అది చింతపండు," అంది నా భార్య. "అద్దసేరు పప్పుకు గా ఒక్క కాయ ఏం పులుపు తెస్తది? చింతపండు పిసికి పోసిన."

బావ గరిటెతో పప్పంతా వెతికాడు. నేనూ వెతికాను. చివరికి నా భార్య కంచంలో ఒక పచ్చటి తొక్క దొరికింది. పందెం వాళ్ల అన్న కంచంలోని పప్పు గురించి కదా, ఇది లెక్కలోకి రాదేమో అని నేను నసిగాను. ఆమె ఆ తొక్క తీసి అన్న కంచంలో పెట్టింది.

"ఇగో, పడ్డది. గెలిచినవ్. కిటికి నీదే."

అని తల వంచుకుని తినసాగింది. అంత తేలిగ్గా ఇస్తుందని నేను అనుకోలేదు. ఇచ్చాక ఏం చేయాలో నాకు తెలియలేదు. బావ ఇద్దరినీ చూశాడు.

"చెల్లె, నీ బీడీలు మళ్ల కార్ఖానల వాపస్ వచ్చినయా?"

ఆమె అన్న కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. నాకు ఆ సంగతి తెలియదు. మొదటిసారి తెలుసు, మళ్లీ మళ్లీ వచ్చాయని తెలియదు.

"నాకు కిటికీ వద్దు," అన్నాను. "డబ్బాలు గల్లీలో పెడతాను."

"ఏంది, గల్లీలనా?" నా భార్య ముద్ద ఆపి తల ఎత్తింది. "ఇంక ఎనిమిది కాయలున్నయ్ వాటికి! మేకలకు పెడ్తవా? నీకు అకల్ ఉన్నదా?"

బావ చెయ్యి కడుక్కుని, కిటికీ దగ్గరికి వెళ్లి, గోడ మీద అరచెయ్యి పెట్టాడు. మగ్గాలు లేక గోడ చల్లగా, ఊరకే ఉంది. అయినా ఎక్కడ ఎక్కువ వణుకుతుందో ఆయన చేతికి గుర్తుంది. కిటికీ సగం ఎత్తులో, షెడ్డు గోడ మూల దగ్గర పానాతో ఒక గీత గీశాడు.

"ఈడ లోకండి పట్టి ఠోకుత. దాని మీద పలక. పైన టమాటలు, కింద మా చెల్లె. మూడో నంబరు దెబ్బ సీదా పలకకే తగుల్తది."

"ఎప్పుడు?" అన్నాను.

"రేపు."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె అన్న వైపు చూసింది. "ఇప్పుడే చెయ్యి అన్న. నీ రేపు నాకు ఎర్కనే," అంది. ఊరేగింపు బాజా దూరంగా వినిపిస్తుండగా, కొత్త చొక్కాతోనే ఆయన షెడ్డులోంచి ఇనప పట్టీ, పలకా తెచ్చి గోడకు బోల్టులు దించాడు.

ఇప్పుడు మా కిటికీ పై సగం టమాటాలది, కింది సగం నా భార్యది. పలక మీద చద్దర్ ముక్క లేదు. మా గల్లీలో కింద ఏమీ లేకుండా కూర్చున్న వస్తువులు ఆ మూడు డబ్బాలే. చూడటానికి వచ్చినవాళ్లు అలవాటుగా, "కింద ఏమన్న వేయరాదు?" అంటారు. రాలిన పూరేకులు ఆమె చాటలో పడతాయి. తిట్టుకుంటూ ఏరి పారేస్తుంది. కార్ఖానాలో బీడీలు వెనక్కి రావడం ఆగిపోయింది. పెద్దమ్మకు ఊఁ కొట్టే మనిషి దొరికింది.

మొన్న మగ్గాలకు సెలవు. గోడ నిద్రపోతోంది. నేను లోపలి గదిలో పత్రిక చదువుకుంటుంటే కిటికీ దగ్గర టక్కుటక్కుమని ఒకటే చప్పుడు. తొంగి చూశాను. నా భార్య ఒక చేత్తో ఆకు పట్టుకుని, తల ఎత్తకుండానే, రెండో చేతిలోని కత్తెర పిడితో పై పలకను కొడుతోంది. కొత్త పూలు సన్నగా వణుకుతున్నాయి.

"ఏం చేస్తున్నవే?" అంటోంది కిటికీ అవతల పెద్దమ్మ.

"మూడో నంబరు నడుపుతున్న," అంది నా భార్య, ఇంకో దెబ్బ వేస్తూ.